మార్ఫాన్ సిండ్రోమ్‌ను ఇంట్లోనే అనుమానించడం ఎలా, ఆ తర్వాత ఏమి చేయాలి

మన ఇళ్లలో పొడుగు ఒక వరం. పిల్లవాడు తొమ్మిదో తరగతికే గుమ్మానికి తల తగిలించుకుంటుంటే నాయనమ్మ దిష్టి తీస్తుంది. డ్రిల్లు మాస్టారు వాలీబాల్ జట్టులోకి లాక్కుంటారు. మేనమామ ‘వీడికి పోలీసు ఉద్యోగం ఖాయం’ అంటాడు. చేతులు కాస్త పొడుగ్గా కనిపిస్తే ఆజానుబాహుడని మురిసిపోతాం. ఇంత సంబరంలో గుండె మాట ఎవరికీ గుర్తు రాదు.

గుర్తు రావలసిన ఇళ్లు కొన్ని ఉన్నాయి. సుమారు 5,000 మందిలో ఒకరికి మార్ఫాన్ సిండ్రోమ్ ఉంటుంది. అదేమిటో తెలియాలంటే నులక మంచాన్ని తలచుకోండి. కోళ్లు, పట్టెలు ఎంత గట్టివైనా నులక వదులైతే మంచం కుంగుతుంది. ఎముకలను, కంటి కటకాన్ని, రక్తనాళాల గోడలను పట్టి ఉంచే నులక లాంటిదే సంయోజక కణజాలం. అందులోని ఫైబ్రిల్లిన్-1 అనే ప్రొటీను సరిగా తయారు కాకపోతే వచ్చేది మార్ఫాన్. 15వ క్రోమోజోము మీద ఉండే ఎఫ్‌బీఎన్1 జన్యువులో మార్పు దీనికి కారణం. ఆ సంగతి తేలింది 1991లో. అంతకు చాలా ముందే, 1896లో, ఆంట్వాన్ మార్ఫాన్ అనే పారిస్ వైద్యుడు పొడవాటి సన్నని వేళ్లున్న ఐదేళ్ల పాపను వర్ణించాడు. జబ్బుకు ఆయన పేరే నిలిచిపోయింది. ఆ పాపది బహుశా దీన్ని పోలిన మరో జబ్బని తర్వాతి వైద్యుల అభిప్రాయం. ఈ వర్గం జబ్బులు చూపును ఎంతగా మోసం చేస్తాయో చెప్పడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు.

నులక ఎక్కడ వదులైనా ఇబ్బందే గానీ, ప్రాణం మీదికి తెచ్చేది ముఖ్యంగా బృహద్ధమని (గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం) మొదలు. గుండె రోజుకు లక్ష సార్లు చిమ్మే రక్తం తాకిడి మొదట పడేది అక్కడే. ఏళ్ల తరబడి ఆ గోడ సాగి, ఉబ్బి, ఒకనాడు పొరలుగా చీలిపోవచ్చు. 1972లో అమెరికాలో లెక్కవేస్తే ఈ రోగుల సగటు మరణ వయసు 32 ఏళ్లు. సకాలంలో బయటపడి వైద్యం అందుతున్నవాళ్లు ఇప్పుడు డెబ్బై ఏళ్ల దాకా బతుకుతున్నారు. చీలకముందే ఆపరేషన్ చేయగలగడం ఈ మార్పుకు పెద్ద కారణం. అందుకు చీలకముందే తెలియాలి.

తెలియకపోవడానికి కారణం వైద్యులు లేకపోవడం కాదు. కళ్ల డాక్టరు కళ్లద్దాలు రాస్తారు, ఎముకల డాక్టరు నడుముకు బెల్టు రాస్తారు, పళ్ల డాక్టరు తీగలు బిగిస్తారు. ఎవరి పని వారు సరిగానే చేస్తారు. ఈ మూడు చీటీలూ ఒకే బిడ్డవని, వాటిని పక్కపక్కన పెట్టి చూడాలని తోచవలసింది ఇంట్లోవాళ్లకే.

ముందు ఒక టేపు, ఒక గోడ

ఇంట్లో చేసేది అనుమానించడం మాత్రమే, నిర్ధారించడం కాదు. ఆ హద్దు మనసులో పెట్టుకుని మొదలుపెట్టండి.

చెప్పులు విప్పించి గోడకు ఆనించి ఎత్తు కొలవండి. తర్వాత రెండు చేతులూ భుజాలకు సమంగా చాపించి, ఒక చేతి నడిమి వేలి కొస నుంచి రెండో చేతి నడిమి వేలి కొస వరకు గోడ మీద గుర్తులు పెట్టి కొలవండి. బారను ఎత్తుతో భాగించండి. చాలామందిలో రెండూ దాదాపు సమానంగా ఉంటాయి. 1.05 దాటితే రాసిపెట్టుకోండి. ఎత్తు 176 సెంటీమీటర్లు, బార 187 అయితే 1.06 వస్తుంది, అంటే దాటినట్టే. ఇది ఒక్కటే చూసి ఏ నిర్ణయానికీ రాకూడదు. ఏ జబ్బూ లేకుండా పొడుగు చేతులున్నవాళ్లు ఎందరో ఉంటారు.

ఇప్పుడు చేతులు. బొటనవేలిని అరచేతిలోకి మడిచి, దాని మీద మిగతా వేళ్లతో పిడికిలి బిగించమనండి. రెండో చేత్తో సాయం పట్టకూడదు. చిటికెనవేలి వైపు నుంచి బొటనవేలి చివరి కణుపు మొత్తం బయటికి పొడుచుకొస్తే అది ఒక గుర్తు. తర్వాత ఒక చేతి మణికట్టును రెండో చేతి బొటనవేలు, చిటికెనవేళ్లతో చుట్టి పట్టమనండి. బొటనవేలి కొస చిటికెనవేలి గోరును పూర్తిగా కప్పితే అది రెండో గుర్తు. రెండూ ఉండటం, ఒక్కటే ఉండటం ఒకటి కాదు. వైద్యులు వేసే లెక్కలో రెండూ ఉంటే 3 మార్కులు, ఒక్కటే ఉంటే 1.

బిడ్డ చొక్కా విప్పించి వెలుతురులో చూడండి. రొమ్మెముక పావురం ఛాతీలా ముందుకు పొడుచుకొచ్చిందా, లేక లోపలికి గుంటపడిందా? పాదాలు కలిపి నిలబడి, మోకాళ్లు వంచకుండా ముందుకు వంగితే వీపులో ఒక పక్క రెండో పక్క కంటే ఎత్తుగా లేస్తుందా? లేస్తే వెన్ను పక్కకు వంగిందేమో చూపించాలి. తడి పాదంతో గచ్చు మీద నిలబడితే అరికాలు మొత్తం అచ్చు పడుతుందా? లావు తగ్గడమో పెరగడమో లేకుండానే నడుము మీద, భుజాల మీద చారలు పడ్డాయా? అంగిలి ఎత్తుగా, ఇరుకుగా ఉండి పళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కాయా?

కళ్ల దగ్గర మాత్రం తొందరపడి ముందుకు వెళ్లకండి. మార్ఫాన్ ఉన్నవారిలో దాదాపు పది మందిలో ఆరుగురికి కంటి కటకం తన చోటు నుంచి జరుగుతుంది. ఇంట్లో అది కనిపించదు. కనిపించేదల్లా కళ్లద్దాల మైనస్ పవరు ఏటేటా పరుగెత్తడం, అద్దాలు మార్చినా బోర్డు సరిగా కనిపించకపోవడం, చిన్నపిల్లలు తల ఒక పక్కకు వంచి టీవీ చూడటం. పాత కళ్లద్దాల చీటీలు పారేయకండి. వాటిలోని అంకెలు వరుసగా పెట్టి చూస్తేనే ఆ పరుగు తెలుస్తుంది.

చివరిగా ఇంటి చరిత్ర. ‘తాతగారు నలభై ఏళ్లకే గుండెనొప్పితో ఉన్నపళంగా పోయారు’, ‘పెదనాన్న పొలంలోనే కుప్పకూలారు’ లాంటి మాటలు ప్రతి వంశంలోనూ ఉంటాయి. ఆ పోయినవారు మనిషి ఎలా ఉండేవారు, పొడుగా, సన్నమా, లావుపాటి కళ్లద్దాలు పెట్టుకునేవారా అని పెద్దవాళ్లను అడగండి. పాత పెళ్లి ఫొటోలు తీయించండి. నన్నడిగితే ఇంట్లో చేసే పరీక్షలన్నిటిలో ఇదే విలువైనది.

ఎవరి దగ్గరికి, ఏ పరీక్షకు

అనుమానం బలపడితే రెండు పరీక్షలు ముందు. ఒకటి గుండెకు ఎకో, అంటే ధ్వని తరంగాలతో తీసే స్కానింగ్. నొప్పి ఉండదు, సూది ఉండదు. రెండోది కంటిపాప పెద్దదయ్యేలా చుక్కల మందు వేసి, స్లిట్ ల్యాంప్ అనే కంటి సూక్ష్మదర్శినితో కటకాన్ని చూడటం. కళ్లద్దాల షాపులో చేసే కంప్యూటర్ పరీక్ష ఇందుకు పనికిరాదు. హైదరాబాద్‌లో ఎల్‌వీ ప్రసాద్ వంటి పెద్ద కంటి ఆస్పత్రుల్లో ఇది రోజువారీ పని. జిల్లా కేంద్రంలోని కంటి వైద్యులూ చేయగలరు, ‘కటకం జరిగిందేమో చూడండి’ అని మీరు నోరు తెరిచి అడగాలి.

నిర్ధారణకు వైద్యులు వాడే పద్ధతికి బెల్జియంలోని ఘెంట్ నగరం పేరు ఉంది. 2010లో దాన్ని సవరించారు. అందులో బృహద్ధమని మొదలు వెడల్పు, కటకం జరగడం, ఈ రెండింటికే అగ్రస్థానం. మనం ఇంట్లో చూసిన చేతులు, ఛాతీ, వెన్ను, పాదాలు మార్కుల పట్టికలోకి వెళ్తాయి. మొత్తం 20లో 7 వస్తే అది లెక్కలోకి వచ్చే స్కోరు. వెడల్పును వయసుకు, ఒంటి పరిమాణానికి తగ్గట్టు జడ్ స్కోరు అనే అంకెగా మారుస్తారు. పిల్లల రిపోర్టులో సెంటీమీటర్లు మాత్రమే రాసి ఇస్తే ఆ అంకె కూడా రాయమని అడగండి. ఆరేళ్ల పాపకు 2.8 సెంటీమీటర్లు చాలా ఎక్కువ, పెద్దవారికి అది మామూలు.

జన్యు పరీక్ష అందరికీ మొదటి రోజే అక్కరలేదు. కానీ రూపురేఖలు సగం సగం సరిపోయినప్పుడు, ఇంట్లో మిగతావారిని పరీక్షించాలన్నప్పుడు ఎంతో ఉపయోగం. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. పరీక్షకు ముందు, తర్వాత మాట్లాడే జెనెటిక్ కౌన్సెలింగ్‌ను దాటవేయకండి. రిపోర్టులో ‘అర్థం తేలని మార్పు’ అని వస్తే, అది ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు. ఇంటర్నెట్‌లో వెతుక్కుని రాత్రంతా మేలుకునే బదులు ఆ మాట విడమరచి చెప్పించుకోవడం మేలు.

మేనరికం మీద నింద వేసేముందు

జబ్బు పేరు తెలియగానే మన ఇళ్లలో మొదటి వేలు మేనరికం వైపు చూపిస్తుంది, రెండోది తల్లి వైపు. మార్ఫాన్ విషయంలో రెండూ తప్పే. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి మారిన జన్యువు ఒక్క ప్రతి వస్తే చాలు, జబ్బు వస్తుంది. కాబట్టి జబ్బున్నవారి ప్రతి బిడ్డకూ, ఆడైనా మగైనా, సగానికి సగం అవకాశం. బయటి సంబంధం చేసుకున్నంత మాత్రాన అది తగ్గదు. ఇక నలుగురు రోగుల్లో ఒకరికి తల్లిదండ్రులిద్దరిలోనూ జబ్బు ఉండదు, వారిలోనే మార్పు కొత్తగా పుడుతుంది.

అయితే మేనరికాన్ని పూర్తిగా మరచిపోవడానికీ వీల్లేదు. హోమోసిస్టిన్యూరియా అనే జబ్బు అచ్చం మార్ఫాన్‌లా వేషం కడుతుంది: అదే పొడుగు, అవే సన్నని వేళ్లు, అదే జరిగిన కటకం. అది మాత్రం తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ మారితేనే వస్తుంది. దగ్గరి బంధువుల పెళ్లిళ్లలో దాని అవకాశం పెరుగుతుంది. మార్ఫాన్‌లో కటకం సాధారణంగా పైకి జరిగితే, ఇందులో కిందికి జరుగుతుంది. రక్తం గడ్డకట్టే ప్రమాదం, చదువులో వెనుకబాటు ఉండవచ్చు. తెలుసుకోవడానికి రక్తంలో హోమోసిస్టీన్ పరీక్ష చాలు. కొందరు రోగులకు బీ6 విటమిన్‌తోనే మంచి గుణం కనిపిస్తుంది. తల్లిదండ్రులది మేనరికమై, బిడ్డ కటకం జరిగి ఉంటే ఈ పరీక్ష అడగకుండా బయటికి రాకండి.

చిన్ననాలుక రెండుగా చీలి, కళ్లు ఎడంగా ఉంటే లోయిస్-డీట్జ్ అనే మరో జబ్బు ఉందేమో చూస్తారు. అందులో రక్తనాళం ఇంకా తక్కువ వెడల్పులోనే చీలవచ్చు కాబట్టి ఆపరేషన్ లెక్కలు వేరు.

ఒక అంకె గుర్తుపెట్టుకోవాలి

నిర్ధారణ అయ్యాక ఇంట్లో అందరికీ కంఠతా రావలసిన అంకె ఒకటుంది: బృహద్ధమని మొదలు, అంటే సైనస్ ఆఫ్ వాల్‌సాల్వా దగ్గర, ఎన్ని సెంటీమీటర్లు. ఒక నోటుపుస్తకం పెట్టి తేదీ, అంకె, ఎకో తీసిన చోటు రాయండి. మొదటి ఎకో తర్వాత ఆరు నెలలకు రెండోది, నిలకడగా ఉంటే ఆపై ఏటా ఒకటి. వీలైతే ఒకే చోట, ఒకే వైద్యుడి చేత తీయించండి. చేయి మారితే ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా ఊరికే వస్తుంది, అనవసరంగా గాభరా పడతారు. నిజంగానే ఏడాదికి 3 మిల్లీమీటర్లకు మించి పెరుగుతుంటే మాత్రం వేగం ఎక్కువని అర్థం.

పెద్దవారిలో 5 సెంటీమీటర్లకు చేరితే సాధారణంగా ఆపరేషన్ చేయమంటారు. ఇంట్లో ఎవరికైనా చీలిన చరిత్ర ఉన్నా, వేగంగా పెరుగుతున్నా 4.5 దగ్గరే ఆ మాట వస్తుంది. ఉబ్బిన భాగంతో పాటు కవాటాన్నీ మార్చే బెంటాల్ ఆపరేషన్ 1968 నుంచి ఉంది. లోహపు కవాటం పెడితే రక్తం గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ మాత్ర జీవితాంతం, ఆ మందు ఎంత పనిచేస్తోందో చెప్పే ఐఎన్ఆర్ రక్తపరీక్ష తరచూ తప్పవు. అప్పుడు ఆకుకూరలు మానక్కరలేదు గానీ, ఒక వారం రోజూ గోంగూర, తోటకూర తిని మరో వారం పూర్తిగా మానేస్తే మందు మోతాదు తారుమారవుతుంది. సొంత కవాటాన్ని నిలుపుతూ చేసే డేవిడ్ ఆపరేషన్ మరొకటి. దానికి చేయి తిరిగిన సర్జన్ కావాలి. ‘ఇలాంటివి మీరు ఏడాదికి ఎన్ని చేస్తారండీ’ అని అడగడం అమర్యాద కాదు. ఆరోగ్యశ్రీ గానీ ఎన్టీఆర్ వైద్య సేవ గానీ వర్తించే కుటుంబమైతే, ఆపరేషన్ ఏ ప్యాకేజీలోకి వస్తుందో, కవాటం ధర అందులో ఉందో లేదో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి.

అప్పటిదాకా మందులు. అటెనొలాల్ వంటి బీటా బ్లాకర్లు గుండె కొట్టుకునే జోరును తగ్గిస్తాయి. లోసార్టన్ వర్గం మందులు కూడా వాడతారు. 608 మంది పిల్లలు, యువకుల మీద జరిగి 2014లో వెలువడిన పరిశోధనలో ఆ రెండింటి మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. అందుచేత ‘పక్కింటివాళ్లకు ఇచ్చిన మందు మాకెందుకు ఇవ్వలేదు’ అన్న బెంగ వద్దు. ఉబ్బసం ఉంటే మాత్రం బీటా బ్లాకర్ రాసేముందే చెప్పండి. బీపీ మామూలుగా ఉందని మాత్ర ఆపేయడం ఎక్కువమంది చేసే పొరపాటు. ఈ మాత్ర బీపీ జబ్బుకు ఇచ్చింది కాదు, గోడను కాపాడటానికి ఇచ్చింది.

ఈ జబ్బును మార్చే పథ్యం లేదు. కొలాజెన్ పొడులు అమ్మేవారు మీ బెంగను కూడా సరుకుగానే చూస్తారు. లోపం ఫైబ్రిల్లిన్‌లో ఉంటే కొలాజెన్ తాగి ప్రయోజనమేమిటి?

మందుల షాపులో

విరేచనాలు పట్టుకున్నా, మూత్రంలో మంట వచ్చినా మన ఊళ్లలో చీటీ లేకుండానే చేతికి వచ్చే మాత్రలు ఓఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, నార్‌ఫ్లాక్సాసిన్. ఫ్లోరోక్వినొలోన్లు అనే ఈ వర్గం మందులు బృహద్ధమని చీలే ప్రమాదాన్ని పెంచవచ్చని, మార్ఫాన్ వంటి జబ్బులున్నవారికి వేరే దారి ఉంటే ఇవి ఇవ్వవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018 డిసెంబరులో హెచ్చరించింది. పేరు చివర ‘ఫ్లాక్సాసిన్’ అని కనిపిస్తే ఆగి వైద్యుడిని అడగండి. ఆర్‌ఎంపీ దగ్గరైనా, పెద్దాస్పత్రిలోనైనా ‘నాకు మార్ఫాన్ ఉంది’ అన్న మాట మొదట చెప్పండి. మత్తు వైద్యుడికి మరీ ముఖ్యంగా చెప్పాలి. వెన్నుపాము చుట్టూ ఉండే పొర కొందరిలో సాగి ఉంటుంది, నడుముకు ఇచ్చే మత్తు సూది సరిగా పనిచేయకపోవచ్చు.

ఆట, పని

బిడ్డను మంచం మీద కూర్చోబెట్టకండి. నడక, తాపీగా సైకిలు, ఈత మంచివి. తోడున్నవారితో మాట్లాడుతూ చేయగలిగినంత శ్రమ చాలు. ఊపిరి బిగబట్టి చేసే పని వద్దు: జిమ్ములో బరువులెత్తడం, బియ్యం బస్తా భుజానికెత్తుకోవడం, నిండు గ్యాస్ సిలిండర్ మేడ ఎక్కించడం. ఆ క్షణంలో బీపీ ఒక్కసారిగా ఎగసిపడుతుంది. కబడ్డీ, కుస్తీ, పోటీ వాలీబాల్ వద్దు. కటకం జరిగినవారికి క్రికెట్ బంతి కూడా ప్రమాదమే. సెలూన్‌లో మెడ విరిపించుకునే అలవాటు ఉంటే మానిపించండి. బడికి వైద్యుడి ఉత్తరం ఇచ్చి, ముందు బెంచీ, తేలిక సంచి అడగండి. డ్రిల్లు మాస్టారికి విషయం స్వయంగా చెప్పండి. జట్టు నుంచి తీసేసిన పిల్లవాడికి స్కోరు రాసే పనైనా ఇప్పించండి, ఆ వయసులో అది చిన్న విషయం కాదు.

పెళ్లి, కాన్పు

సంబంధం చూసేటప్పుడు దాచవద్దు. దాచిన ఇళ్లలో నిజం బయటపడేది తరచూ కాన్పు సమయంలో, అంటే అన్నిటికన్నా ప్రమాదకరమైన సమయంలో. గర్భం చివరి నెలల్లో, కాన్పయిన తొలి వారాల్లో చీలిక ప్రమాదం ఎక్కువ. గర్భం దాల్చకముందే ఎకో తీయించాలి. 4 సెంటీమీటర్ల లోపు ఉంటే ప్రమాదం తక్కువే గానీ సున్నా కాదు. 4.5 దాటితే ముందు ఆపరేషన్, తర్వాతే గర్భం అంటారు. ఈ రెండు అంకెల మధ్య ఉన్నవారు గుండె వైద్యుడు, ప్రసూతి వైద్యురాలు ఇద్దరితోనూ కూర్చుని తూచుకోవాలి. లోసార్టన్ గర్భంలో పనికిరాదు, వార్ఫరిన్‌తోనూ బిడ్డకు హాని ఉంది. నెల తప్పాక కాదు, అనుకున్నప్పుడే మందులు మార్పించుకోవాలి.

నొప్పి వచ్చిన రాత్రి

ఛాతీలోనో, వీపులో రెక్కల మధ్యనో, కడుపులోనో ఉన్నట్టుండి చీల్చినట్టు నొప్పి వస్తే సోడా తాగించి చూస్తూ కూర్చోకండి. ‘గ్యాస్’ అనే మాట ఆ రాత్రి మీ ఇంట్లో వినిపించకూడదు. 108కు ఫోను చేయండి. ఈసీజీ మామూలుగా ఉన్నంత మాత్రాన చీలిక లేనట్టు కాదు. తేల్చేది సీటీ యాంజియోగ్రామ్. గుండెపోటు అనుకుని రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇస్తే చీలికలో ప్రాణానికే ముప్పు. రోగి జేబులో ఎప్పుడూ ఒక కార్డు ఉండాలి: ‘నాకు మార్ఫాన్ సిండ్రోమ్ ఉంది. ఛాతీనొప్పి వస్తే బృహద్ధమని చీలిక ఉందేమో ముందు చూడండి.’ కింద చివరి ఎకో అంకె, వాడే మందులు, ఇంటి ఫోను నంబరు. ఒక పక్క తెలుగులో, రెండో పక్క ఇంగ్లీషులో రాయించి లామినేషన్ చేయించండి.

ఒక పక్క ఛాతీలో పోటుతో పాటు ఆయాసం వస్తే ఊపిరితిత్తి గాలి కారి ముడుచుకుని ఉండవచ్చు. కంట్లో మెరుపులు కనిపించినా, నల్లని తెర దిగినట్టున్నా రెటీనా ఊడుతుండవచ్చు. ఈ రెండింటికీ అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.

మిగతా ఇంటివారు

ఒకరికి తేలగానే తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు అందరికీ ఎకో, కంటి పరీక్ష చేయించాలి. పొట్టిగా ఉన్నారని ఎవరినీ వదలకండి. ఒకే ఇంట్లో ఒకరికి కళ్లలో, మరొకరికి గుండెలో బయటపడటం మామూలే. ‘నాకేం, దుక్కలా ఉన్నాను’ అనే బాబాయి ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ఆయనకు ఫ్లో హైమన్ సంగతి చెప్పండి. ఆరడుగుల ఐదంగుళాల అమెరికా వాలీబాల్ క్రీడాకారిణి, 1984 ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన జట్టు మనిషి. 1986 జనవరి 24న జపాన్‌లో మ్యాచ్ మధ్యలో బెంచీ మీద కూర్చుని ఉండగా కుప్పకూలి మరణించింది. వయసు 31. మొదట గుండెపోటనుకున్నారు. శవపరీక్షలో బృహద్ధమని చీలిందని, కారణం మార్ఫాన్ అని తేలింది. ఆ తర్వాతే తమ్ముడిని పరీక్షించారు. అతనికీ అదే ఉందని తెలిసి, చీలకముందే ఆపరేషన్ చేశారు.